ఓడలో వంటగది తలుపు

హొగేనక్కల్‌లో చేపలు వేయించే అంగడి మాది. కావేరి చేప తప్ప సముద్రపు చేపను అమ్మ పెనం మీద పడనివ్వదు. ఎవరైనా వంజరం తెచ్చి వేయించిమ్మంటే మొహం మీదే పొమ్మంటుంది. నాయన సముద్రంలో ఉన్నాడు మరి.

నేను కడుపులో ఉండగా ఆయన సరుకుల ఓడలో వంటవాడిగా పోయాడు. తుఫానుకు ఓడ మునిగింది. గిన్నెలు దొర్లిపోకుండా నాయన వంటగది తలుపు మూసుకుని లోపలే ఉండిపోయాడని, బతికొచ్చిన ఒకాయన చెప్పాడట. శవం దొరకలేదు. అమ్మ బొట్టు తీయలేదు, కర్మ చేయనివ్వలేదు. నాకిప్పుడు నలభై దాటాయి. ఈనాటికీ ఎక్కడ తలుపు చప్పుడైనా అమ్మ ఉలిక్కిపడుతుంది.

పోయిన ఏడు బతిమాలీ, అరిచీ, అలిగీ ఒప్పించాను. పోయిన పెద్దలను తలుచుకునే ఆడి అమావాస్యకు పెదనాన్న కొడుకు చేత కావేరిలో పిండం పెట్టిద్దామన్నాను. సరే అంది.

దానికి వారం ముందు ఒకాయన చేప తింటూ పక్కవాళ్లకు ఫోన్‌లో వీడియో చూపిస్తున్నాడు. మునిగిన ఓడల దగ్గరికి మనుషులను దింపి చూపించడం అతని పని. ఇది పేరుమోసిన పాత ఓడ, చేపలను చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు అంటూ ఓడ పేరు చెప్పాడు. అమ్మకు అక్షరం ముక్క రాదు గానీ ఆ పేరు మాత్రం నోటికొచ్చు. గరిటె అక్కడే పడేసి వచ్చింది.

ఓడంతా నాచు. గుంపులు గుంపులుగా చేపలు. "ఇది వంటగది," అన్నాడతను తమిళంలో. ఒక పెద్ద చేప నింపాదిగా గుమ్మంలోంచి బయటికొచ్చింది.

"ఆ వాకిలి మల్లా చూపించప్పా," అంది అమ్మ. నాలుగుసార్లు చూసింది. "చూస్తివా పాపా? తెరిచే ఉండాది. మీ నాయన బయటికి వచ్చేసినాడు." అమ్మ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

చేయి కడుక్కునే చోట అతన్ని నిలేసి, ఆ తలుపు ఎలా తెరుచుకుందని అడిగాను. దిగేవాళ్లు లోపల చిక్కుకోకుండా తలుపులన్నీ తామే ఊడదీశామన్నాడు. వంటగదిది బిగుసుకుపోయి ఉంటే కోసి తీశారట. లోపల ఏముందని అడగడానికి నాకు నోరు రాలేదు.

అమ్మకు చెప్పలేదు. చెబుదామనుకున్న ప్రతిసారీ ఆ నవ్వు అడ్డొచ్చింది. ఊళ్లో అందరితో పోట్లాడే దాన్ని, ఈ ఒక్క మాటకు భయపడ్డాను.

ఆడి అమావాస్య నాడు ఏటి గట్టున అందరూ పిండాలు పెడుతున్నారు. మా వరసలో ఒక్క చేపల అంగడీ తీయలేదు. అమ్మ మాత్రం పొద్దున్నే పొయ్యి వెలిగించింది.

"బతికుండే మనిషికి పిండమేందే?" అంది.

ఓడ నిండా మనుషులకు వండిపెట్టిన నాయన అక్కడ పస్తులుంటున్నాడు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.