వదులు టేపు

ఒంటెల పాలఫారంలో అందరూ అతన్ని టేపు బాబాయ్ అనేవారు. పేరు పెట్టి పిలిచేది భార్య ఒక్కతే, అదీ ఒళ్లు మండినప్పుడు. నెలకోసారి ప్రతి ఒంటెనీ నిలబెట్టి భుజం ఎత్తు, ఛాతీ చుట్టుకొలత, మూపురం మీదుగా పొట్ట చుట్టుకొలత తీయడం అతని పని. వాటినిబట్టే బరువు లెక్కగట్టేవారు. ఒంటెను తూచే కాటా అక్కడ లేదు. కొలిచే ముందు టేపును చంకలో పెట్టుకుని వెచ్చబరిచేవాడు. చల్లగా తగిలితే ఒంటె ఊపిరి బిగబడుతుంది, కొలత తప్పుతుంది.

"ఒంటెల నడుములన్నీ నీకు కంఠతా. నా జాకెట్టు కొలత మాత్రం దర్జీని అడగాలి" అనేది పాలక్యాన్లు కడిగే భార్య.

"నువ్వు కదలకుండా నిలబడితేగా!"

చీలిన పైపెదవి కాస్త వంకరగా ఉండి ఎప్పుడూ నవ్వుతున్నట్టు కనిపించే ముసలి ఒంటె ఒకటుండేది. నవ్వులమ్మ. తల్లి చనిపోతే సీసాపాలతో అతనే పెంచాడు. ఇప్పుడు పాలు ఇంకిపోయాయి. మూపురం దూది తీసేసిన దిండులా ఓ పక్కకి వాలిపోయింది. కంటిరెప్పల వెంట్రుకలు మాత్రం ఇంకా పొడుగ్గా, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండేవి. బరువు ఫారంవాళ్లు పెట్టిన గీత కిందికి తగ్గిన ఒంటెను కబేళా లారీ ఎక్కించేస్తారు.

ఒక నెల టేపుకీ నవ్వులమ్మ చర్మానికీ మధ్య అతని వేలు దూరింది. తర్వాత అరచెయ్యి. అది చిక్కేకొద్దీ ఆ సందులో అతని చేతికి చోటు పెరిగింది. కాగితం మీద నవ్వులమ్మ ఎప్పటిలాగే నిండుగా ఉంది.

అంతలో మందకు రక్తంలో జబ్బు సోకింది. డాక్టరు నవ్వులమ్మ దగ్గరికొచ్చి సిరంజిలోకి మందు ఎక్కిస్తూ అన్నాడు.

"ఘాటు మందు బాబాయ్. బరువుకి మించి పడితే గుండె ఆగిపోతుంది. దీని కొలత నువ్వు తీసిందేగా?"

నిజం చెబితే లారీ. చెప్పకపోతే మోతాదు మించిన సూది. ముసలిది అతని భుజం మీద గడ్డం ఆనించి, వెచ్చగా ఊపిరి వదిలింది.

"నేను తీసిందేనండీ."

"ఈ వయసులో భలే ఉంది! ఏం మేపుతున్నావయ్యా దీనికి?"

అతను నవ్వబోయాడు. సూది దిగింది.

సాయంత్రానికి నవ్వులమ్మ ముందుకాళ్లు మడిచి కూర్చుంది. తర్వాత వెనకకాళ్లు. పొడుగాటి మెడను ఇసుక మీద పరిచింది, మళ్లీ ఎత్తలేదు. "వయసైపోయింది, పాపం" అన్నారందరూ. అతన్ని ఎవరూ ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునేమో.

పొద్దున్నే గొయ్యి తవ్వేవాడు వచ్చాడు. "పొడుగూ లావూ చూసి చెప్పు బాబాయ్."

టేపు తీసి అలవాటుగా చంకలో పెట్టుకున్నాడు. వెచ్చబడేదాకా నిలబడ్డాడు. వంగి, వేలు కూడా దూరకుండా బిగించి కొలిచి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇంతేనా! చాలా పెద్దదన్నారే?"

అతను ఖాళీ అరచెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అలా పట్టుకునే నిలబడ్డాడు.