దూడ పళ్లు చూసే సారు

మా ఊరి పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన సారు పోయారు. ఫస్టు షిఫ్టు దిగి, బొగ్గుబాయి గేటు బయట టీ తాగుతుంటే మా ఇంటామె ఫోన్ చేసి చెప్పింది. బాధ కన్నా ముందు నాకు కోపమొచ్చింది. చావు కబురు విని కోపమేమిటని మీరనుకోవచ్చు. మీకు ఆయన తెలియదు.

రిటైరైనవాళ్లు ఇంటిపట్టున ఉంటారు. ఈయన పాత మోపెడ్ వేసుకుని కమాన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవారు. పిలవని పేరంటం. ఇంటికొస్తే మనుషుల్ని పలకరించరు, నేరుగా కొట్టంలోకి వెళ్లి దూడ నోరు తెరుస్తారు. పెళ్లిభోజనాల్లోనూ అంతే. పక్కవాడు నవ్వితే పళ్లు చూసి, “మీది ఏ బోరు నీళ్లు?” అని అడుగుతారు. ఆయన పక్కన కూర్చోవాలంటే జనం జంకేవాళ్లు.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అది పళ్లకు మరకలు పట్టిస్తుంది, కీళ్లు బిగిస్తుంది. మా పెయ్యదూడ ఎనిమిది నెలల వయసులో ముందుకాళ్లు బిగుసుకుపోయి కుంటడం మొదలుపెట్టింది. తల్లి ముసలిదైపోయింది, ఇంట్లో పాడి నిలవాలంటే ఆ పెయ్యే దిక్కు.

“బోరు నీళ్లు బంద్ చెయ్. మీ తమ్ముని కంపెనీ క్వార్టర్ల గోదావరి నీళ్లు వస్తయి కద, అవి తాపు. రోజు ఇంత పల్లిచెక్క నానబెట్టి పెట్టు” అన్నారు సారు.

“చెక్క తింటే ఫ్లోరైడ్ పోతదా సార్?”

“పోదుర. ఒట్టి గడ్డి తినే దూడను అది జల్ది పట్టుకుంటది. ఒంట్ల ప్రొటీన్ ఉంటే జర తట్టుకుంటది. నీళ్లయితె మార్చాల్సిందే. దాని అసలు పండ్లు ఇప్పుడే చిగురు లోపల తయారైతున్నయి.”

మా దగ్గర ఒక రివాజు ఉంది. నూనె తీశాక మిగిలే ఆ పల్లిచెక్క పాలిచ్చేదానికే, దూడకు ఎండుగడ్డీ మిగిలిన కుడితీ. సరే సరే అని తలూపి, చెక్కంతా తల్లికే పెట్టాను. నీళ్లు మోయడానికి బద్ధకించాను. ఆయన అడిగినప్పుడల్లా “పెడుతున్న సార్” అన్నాను. కొన్ని నెలలకు దూడ లేవలేకపోయింది. అప్పుడైనా ఆయన్ని పిలిచానా? లేదు. పెద్దలు చేసినట్టే కడ్డీ కాల్చి దాని మోకాళ్ల మీద వాతలు పెట్టాను.

ఆయనే వచ్చారు. వాతలు చూశారు. తిడతారని తలవంచుకుని నిలబడ్డాను. పేడలోనే చతికిలబడి మందు రాస్తూ, “నడవలేనిదాన్ని కాల్చినవు కదర” అన్నారు. అంతే. ఆయన నోరు మూసుకుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో, ఆ రోజు మాత్రం తిడితే బాగుండుననిపించింది.

మరునాటి నుంచి డ్యూటీ దిగి వస్తూ తమ్ముడి క్వార్టర్‌లో క్యాన్ నింపి బండి మీద తెచ్చేవాణ్ని. “మనం బోరు నీళ్లు తాగుతున్నం, దూడకు గోదావరి నీళ్లా?” అని మా ఇంటామె దెప్పింది. “అయితె మీరు గూడ అవే తాగుండ్రి. దూడను చూసన్న బుద్ధి తెచ్చుకోండ్రి” అని సారు ఆమెకూ వడ్డించారు. చెప్పాపెట్టకుండా దిగి, తొట్టిలో చెయ్యి పెట్టి చెక్క ఉందో లేదో తడిమేవారు. నా మాట నమ్మేవారు కాదు. నమ్మకపోవడమే మంచిదైంది, పెయ్య లేచి నిలబడింది. ఇదంతా జరిగి ఏడాది దాటింది.

దహనం దగ్గర అందరూ “దేవుడసొంటి మనిషి” అన్నారు. ఆ అన్నవాళ్లలో సగంమంది ఇళ్లలో దూడలు ఇప్పటికీ ఎండుగడ్డే నములుతున్నాయి. ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీదా, నా మీదా.

నాలుగో రోజు పొద్దున నీళ్లు పెడుతుంటే పెయ్యకు పాలపళ్లు ఊడి, అసలు పళ్లు రెండు కనిపించాయి. నోరు తెరిచి చూశాను. అంచున గోధుమరంగు మరక, అది నేను అబద్ధమాడిన నెలలది. దాని కింద చిగురు దాకా తెలుపు. ఇది చూసి సంబరపడే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కరే ఉండేవారు, ఆయన నాలుగు రోజులు ఆగలేదు. పెయ్య విదిలించుకుంటోంది. నేను వదలకుండా, దాని నోరు సారు చెప్పాపెట్టకుండా వచ్చే వాకిలి వైపు తిప్పి, తెరిచి పట్టుకుని నిలబడ్డాను.