అవ్వ చేతులు

మా చిన్నదానికి మూడేళ్లు దాటేవరకు ఇంట్లో దానితో మాట్లాడింది మా అత్త ఒక్కతే. మాట్లాడింది అంటే చేతులతో. పుట్టుచెవుడని డాక్టర్లు తేల్చాక మేమందరం ఏడుస్తూ కూర్చుంటే, ఆమె బీడీల చాట పక్కకు నెట్టి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని సైగలు కల్పించింది. వేళ్లు గిరగిరా తిప్పితే బీడీలు. ముక్కు మూసుకుంటే ఊరంతా కంపు కొట్టే షుగర్ ఫ్యాక్టరీ. చూపుడువేలితో తన బుగ్గను తడితే పిల్ల పేరు, ఎందుకంటే దాని బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది. ఆ సైగ కనబడితే చాలు, పిల్ల ఎక్కడున్నా ఉరికొచ్చేది.

తర్వాత సర్కారు పథకంలో హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. చెవి వెనక మిషన్ పెట్టారు. మిషన్ పెట్టగానే మాటలొస్తాయనుకున్నాం, పిచ్చివాళ్లం. చప్పుడు వినబడితే సరిపోతుందా, ఆ చప్పుడు మాట అని తెలియాలి కదా! అందుకని మాటలు నేర్పే మేడం దగ్గరికి బోధన్ నుంచి నిజామాబాద్‌కు బస్సులో తిరిగాను.

"ఇంట్ల సైగలు బంద్ పెట్టాలమ్మా. చేతులతోని పని అయిపోతుంటే పిల్ల చెవి పెట్టది," అంది మేడం.

పెదవులు కూడా చూడనీయొద్దట. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంటే వాడకట్టు ఆడవాళ్లు, "ఏందే, కొత్త కోడలి సిగ్గు ఇప్పుడొచ్చిందా?" అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

అత్తకు చెబితే, "నా చేతులు ఏం పాపం జేసినయే?" అని మాత్రం అడిగింది. ఆ రోజు నుంచి పిల్ల దగ్గరికొస్తే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. పిల్ల వాటిని బయటికి గుంజేది, ఏడ్చేది, కొరికేది. అత్త మొహం తిప్పుకునేది. "నోటితోని చెప్పు బిడ్డా, నోటితోని," అని ఇంటిల్లిపాదిదీ ఒకటే పాట.

మాటలు వచ్చాయి, నత్తనడకన. ముందు మ, ప, బ పలికింది. క కోసం దాని వేళ్లు నా గొంతు మీద పెట్టించి ఎన్ని తిప్పలు పడ్డానో! కుక్క అంటే తుత్త, చక్కెర అంటే తత్తెల. చెరకు ఊళ్లో పుట్టి చక్కెర అనలేని పిల్ల! చివరికి అదీ వచ్చింది. బడికి పోయేనాటికి అన్నీ పలికింది. సైగలు ఎప్పుడు మరిచిపోయిందో మేం గమనించలేదు. మరిచిపోవాలనే కదా మేం కోరుకున్నది.

ఒక ఏడు చెరకు కోతల కాలంలో అత్తకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, నోరు పడిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి మంచంలో కూర్చోబెట్టాం. గుమ్మంలో నిలబడ్డ పిల్లను చూసి, అత్త ఎడమ చేయి లేపి, చూపుడువేలితో తన బుగ్గను తట్టింది. ఆ సైగ చూసి ఎన్నేళ్లయిందో. పిల్ల దగ్గరికి పోయి వంగి చూసింది.

"పన్ను నొస్తుందా అవ్వా?"

అత్త మళ్లీ తట్టింది. మళ్లీ.

"నోటితోని చెప్పవ్వా," అంది పిల్ల, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. అది అలా స్పష్టంగా మాట్లాడాలని ఎందరు దేవుళ్లకు మొక్కానో. ఆ ఒక్క మాట మాత్రం వినలేకపోయాను.

అత్త కాసేపు దాన్నే చూసింది. తర్వాత ఆ చేతిని మెల్లగా తొడ కింద పెట్టుకుంది.