కొత్త ఓడ గిట్టని నావికుడు

మా నాన్నకు కొత్త ఓడ గిట్టదు. నేవీలో పాత ఓడల ఇంజను గదుల్లో ఏళ్ల తరబడి ఉడికి, ఆ పెన్షన్ మీదే కంచరపాలెంలో ఇల్లు నిలబెట్టిన మనిషి. అయినా విశాఖకు కొత్త యుద్ధనౌక వచ్చిందని టీవీలో చెప్తే ఆ పూట ఆయనకు అన్నం సయించదు. ఓడలు కొనే డబ్బూ, తన పెన్షనూ రక్షణ శాఖకు ఇచ్చే ఒకే మూటలోంచి పోతాయని ఎక్కడో విన్నాడు. అప్పటినుంచీ ఏ ఓడ కనబడినా తన కంచంలో ముద్ద ఎవరో తీసుకుపోతున్నట్టే చూస్తాడు.

ఆయన స్నేహితులకూ ఇదే జబ్బు. బడ్జెట్ రోజు ఆ పాత నావికులంతా మా ముందుగదిలో చేరతారు. ప్రసంగం అయ్యేదాకా ఎవరూ టీ ముట్టరు. నాన్న కూర్చోడు, గదిలో అటూ ఇటూ తిరుగుతాడు. నాకు ఒళ్లు మండేది. నాది పెన్షన్ లేని ప్రైవేటు ఉద్యోగం. పెన్షన్ ఉన్నాయనకేమో మనశ్శాంతి లేదు.

ఈసారి బడ్జెట్ రోజుకి మా అమ్మాయి నేవీలో అగ్నివీర్‌గా ఎంపికై ఉంది. నాలుగేళ్ల కొలువు. ఆ తర్వాత చాలామందిని ఇంటికి పంపేస్తారు. నాకు దిగులేసింది కానీ, మనవరాలు తెల్ల యూనిఫాం వేస్తుందని నాన్న వీధంతా చెప్పుకున్నాడు.

"మా డబ్బులు ఢిల్లీలో భద్రంగా దాసే ఉంటారు," అన్నాడొక పెద్దాయన, తనకు తనే ధైర్యం చెప్పుకుంటూ.

"దాసిందేటీ లేదు తాతా," అంది మా అమ్మాయి. "మీ జీతాల్లో పెన్షన్‌కని ఏటీ కొయ్యలేదు. ఏ ఏడుకాయేడు జనం కట్టే పన్నుల్లోంచే ఇత్తన్నారు."

నాన్న నడక ఆపాడు. "మరి నీకో?"

"నా జీతంలో కొంత కోత్తారు. గవర్నమెంటు అంతే కలుపుద్ది. నాలుగేళ్లయ్యాక ఆ మూట ఇచ్చేత్తారు. ఇంటికొచ్చేత్తే పెన్షన్ ఉండదు."

"ఏటి, ఎందుకుండదు?"

అది నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. "పాత పెన్షన్ల బరువు ఎక్కువైపోయిందని అంటారు తాతా."

స్నేహితులు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. ప్రసంగం ఇంకా నడుస్తూండగానే నాన్న టీవీ కట్టేశాడు. వాకిట్లోకి, వంటింట్లోకి, మళ్లీ వాకిట్లోకి తిరిగాడు. చివరికి నా ముందు ఆగాడు.

"నాను తింతన్నది దాని ముద్దేనేటిరా?"

ఇన్నేళ్లూ ఆయన్ని వాదనలో ఓడించాలని చూసినవాణ్ని నేను. ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆయనే బయల్దేరదీస్తే బీచ్‌రోడ్డుకి వెళ్లాం. దూరంగా నీళ్లమీద కొత్త ఓడ ఆగి ఉంది. గోడ పట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీన్లోకే పంపుతారేటి దాన్ని?"

"తెలీదు నాన్నా."

"కొత్తవి కొనాల్రా ఇంకా," అన్నాడు. "పాతదాన్లో ఏసేత్తే పిల్ల ఉడికిపోద్ది."