గాల్లో ఉన్న మీసం

ఆ రోజుల్లో సినిమాకి కథ ఉండాలని మాకెవరూ చెప్పలేదు. ఫైట్లుండాలి, అంతే. పోస్టరు మీద మంట, మోటారు సైకిలు, కత్తి, ఈ మూడింటిలో ఏ రెండు కనిపించినా చాలు, మా కంచరపాలెం కుర్రకారంతా మ్యాటినీ వరసలో ఉండేది. తక్కువ డబ్బుతోనూ ఎక్కువ ధైర్యంతోనూ తీసిన సినిమాలవి. వాటిల్లో దెబ్బ చప్పుడు ముందొచ్చేది, గుద్దు తర్వాత పడేది. హీరో, విలను, పోలీసులు ముగ్గురూ ఒకే కారులో తిరిగేవారు (వేరువేరు సీన్లలో లెండి). మొదటి ఫైట్లో చచ్చిపోయిన రౌడీ మూడో ఫైట్లో లుంగీ మార్చుకుని మళ్లీ వచ్చేవాడు. "వొచ్చీసినాడ్రా మనోడు!" అని మేం ఈలలు వేసేవాళ్లం. వాడు బతికి వచ్చినందుకు మాకు నిజంగానే సంతోషంగా ఉండేది. ఇప్పుడు మా మనవడు నన్ను పక్కన కూచోబెట్టుకుని కోట్లు పోసి తీసిన ఫైట్లు చూపిస్తుంటాడు. వాటిల్లో ఎంత వెతికినా ఒక్క తప్పు దొరకదు. పది నిమిషాల్లో నాకు నిద్రొచ్చేస్తుంది. వాడికి అర్థం కాదు గానీ, ఆ పాత సినిమాల్లో ఒకదాని పేరు చెబితే నాకు ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఎందుకో చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బెల్ బాటమ్ ప్యాంటు వేసుకుని, పోర్టు దగ్గర ఓడల సరుకు వ్యవహారాలు చూసే ఒక చిన్న కంపెనీలో గుమాస్తాగా కొత్తగా చేరాను. మా నాన్న రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయనకి ప్రపంచంలో రెండే పట్టింపులు. ఒకటి డ్యూటీకి టైముకి వెళ్లడం, రెండోది మీసం. ఆయన మీసం రెండు కొసలూ పైకి తిరిగి ఉండేవి. నాకు మూతి మీద నూగు వచ్చిన దగ్గర్నుంచి ఆదివారం ఆదివారం నన్ను పెరట్లో స్టూలు మీద కూచోబెట్టి, ఆయనే కత్తెర పట్టుకుని నా మీసాన్నీ అలాగే దిద్దేవాడు. మా ఇళ్లలో తండ్రి బతికుండగా కొడుకు మీసం తియ్యడు. తీశాడంటే దానికి ఒకటే అర్థం, తండ్రి పోయాడని. ఈ సంగతి నాకు తెలియదా అంటే, తెలుసు. గుర్తుండవలసిన ఆ అరగంట మాత్రం గుర్తు లేదు.

ఒకసారి మద్రాసు నుంచి ఒక సినిమా యూనిట్ మా ఊరు దిగింది. యూనిట్ అంటే ఒక హీరో, ఒక హీరోయిను, ఆరుగురు రౌడీలు, ఒక కెమెరా, ఒక వ్యాను. పాత జెట్టీ దగ్గర ఫైటు తీయడానికి వాళ్లకి ఖాళీ చెక్కపెట్టెలు కావలసి వచ్చాయి. సినిమా వాళ్లు అడిగారనగానే మా మేనేజరుగారు కరిగిపోయి, కంపెనీ పెట్టెలు ఇచ్చేసి, వాటికి కాపలాగా నన్ను పంపారు. "ఒక్క పెట్టె కూడా విరక్కూడదు" అని మరీ మరీ చెప్పారు. (ఫైటుకి పెట్టెలిచ్చి విరక్కూడదన్న మహానుభావుణ్ణి నేను మళ్లీ చూడలేదు. మొదటి గంటలోనే నాలుగు విరిగాయి.)

అంతవరకూ టాకీసులో చూసి నవ్వుకున్నవన్నీ అక్కడ కళ్లెదుట జరుగుతుంటే నాకు నవ్వు రాలేదు, ముచ్చటేసింది. అరటిపళ్ల తోపుడుబండి మీద కెమెరా పెట్టి తోస్తున్నారు. బండి ఆసామీ పక్కనే పరిగెడుతూ "నెమ్మది బాబూ, ఎడమ సక్రం ఊగుతాది" అని మొత్తుకుంటున్నాడు. హీరో చేతిలో పిస్తోలుకి చెమట తగిలితే నల్లరంగు దిగుతోంది, ఆయన షాటు షాటుకీ చెయ్యి తుడుచుకుంటున్నాడు. ఫైటు మాస్టారని ఒకాయన ఉన్నాడు, పొట్టిగా, రెండు మోచేతులూ పాత దెబ్బల మచ్చలతో. ఎవరు ఎక్కణ్ణుంచి దూకాలన్నా ముందు తను దూకి చూపించేవాడు. "ముందు నేను దూకుతా. నేను లేచి నిలబడితే నువ్వు దూకు" అనేవాడు. ఆయన లేచి నిలబడ్డప్పుడల్లా రౌడీలు చప్పట్లు కొట్టేవాళ్లు.

మధ్యాహ్నానికి హీరోయిన్ గారి డూపు కుర్రాడికి కాలు మడత పడింది. పదడుగుల పెట్టెల గుట్ట మీంచి విలను మీదికి హీరోయిన్ దూకాలి, సాయంత్రానికి వ్యాను వెళ్లిపోవాలి. రౌడీలందరూ కండలు తిరిగినవాళ్లు, హీరోయిన్ గారి ఎర్రప్యాంటులో ఒక్కడి కాలూ దూరదు. ఫైటు మాస్టారు చుట్టూ చూశాడు. పెట్టెల పక్కన వెదురుబద్దలా నేను నిలబడి ఉన్నాను.

"తమ్ముడూ, ఎర్రప్యాంటు వేసుకుంటావా?"

ఆ మాట కోసమే పుట్టినట్టు వెంటనే తలూపేశాను. ఎర్రప్యాంటు, పువ్వుల చొక్కా, నడుం దాకా సవరం. డైరెక్టరు గారు నా మీసం వంక చూసి, "ఫర్లేదు, దూరం షాటే కదా, ఎవడికి కనబడుద్ది?" అన్నారు. ఫైటు మాస్టారు ముందు దూకి, లేచి నిలబడి, కింద గడ్డి ఇంకో రెండు మోపులు ఎక్కువ వేయించి నన్ను దూకమన్నాడు. దూకాను. గాల్లో ఉన్నది ఒక్క క్షణమే గానీ, ఆ క్షణంలో మొత్తం విశాఖపట్నం నన్నే చూస్తోందనిపించింది.

చిక్కు తర్వాత వచ్చింది. ఇక నేల మీద దిగి, దొర్లి లేచి విలన్ని చూసే ముక్క తీయాలి, దొర్లేది డూపే కాబట్టి అదీ నేనే చేయాలి, కెమెరా దగ్గరికొస్తుంది. "సార్, మీసం కొట్టొచ్చినట్టు కనబడుతుంది" అన్నాడు కెమెరామేన్. "పోనీ మీసం తీయించి, దూకింది కూడా మళ్లీ తీద్దాం" అన్నారు డైరెక్టరు గారు. "మళ్లీ తీయడానికి ఫిల్మెక్కడుంది సార్?" అన్నాడు కెమెరామేన్. అందరూ నా మూతి వంక చూశారు. నేను రెండు చేతులతో మీసం మూసుకున్నాను. అప్పుడు హీరోయిన్ గారు, మా కంపెనీ పెట్టె మీద తన గొడుగు తనే పట్టుకుని కూచున్న మనిషి, లేచి నా దగ్గరకొచ్చారు. "ఏవండీ, మీ మీసం చాలా బావుంది. తీస్తే మళ్లీ వస్తుంది కదండీ?" అన్నారు. అంతే. నన్ను అంతవరకూ ఏ ఆడపిల్లా 'ఏవండీ' అనలేదు. మేకప్ మేన్ కత్తి తీశాడు. మొహం కడుక్కుని అద్దం చూసుకున్నాక నాన్న గుర్తొచ్చాడు.

ఆ పూట నాన్నకి రాత్రి డ్యూటీ, తప్పించుకున్నాను. అమ్మ మాత్రం చూసి "ఒలమ్మో, ఇదేట్రా! మీ అయ్య బంగారంలాగ ఉంటే!" అని గుండెలు బాదుకుని, పొద్దున్న ఆయన వచ్చేలోగా నన్ను ఇంట్లోంచి తోసేసింది. ఆఫీసులో అడుగు పెట్టగానే టైపు మిషన్లు ఆగిపోయాయి. మా హెడ్డు గుమాస్తాగారు కాకినాడ వైపు మనిషి, మహా సున్నిత హృదయులు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. తలకట్టు ఉంది కదా అని ఎవరో సందేహిస్తే, "ఈ కాలం ఉద్యోగస్తులు జుట్టు ఉంచేసుకుంటున్నారయ్యా, పదో రోజు దాకా ఆగడమూ లేదు, మీసంతో సరి" అని ఆయనే సర్దిచెప్పారు. అప్పుడు నేను నోరు విప్పాల్సింది. కానీ ఏమని విప్పను? పెట్టెలకి కాపలా కాయమని పంపితే ఎర్రప్యాంటు వేసుకుని హీరోయిన్‌గా దూకానని చెప్పనా? ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తల దించుకున్నాను. దాన్ని వాళ్లు దుఃఖం అనుకున్నారు. కాఫీ తెప్పించారు. ఆ కాఫీ ఎంతో రుచిగా ఉందని చెప్పుకోడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి గుమ్మంలో చెప్పులు కనిపించాయి. ఆఫీసు నుంచి నలుగురు నాకన్నా ముందొచ్చేశారు. హెడ్డు గుమాస్తాగారి చేతిలో పెద్ద బంతిపూల దండ. ఎదురుగా మా నాన్న బనీనుతో, పైకి తిప్పిన మీసంతో నిలబడి ఉన్నాడు.

"మీరు ఆయన తమ్ముడుగారా?" అన్నారు హెడ్డు గుమాస్తాగారు, గొంతు తగ్గించి.

"ఎవులికి తమ్ముణ్ణి?"

"అదే... పోయినాయనకి."

"ఎవులు పోనారు?"

హెడ్డు గుమాస్తాగారు నా వంక చూశారు. నాన్న కూడా చూశాడు. నా మూతి కేసి చూశాడు, దండ కేసి చూశాడు. మనిషికి అంతా తెలిసిపోయింది. కోప్పడతాడనుకున్నాను. ఆయన మర్యాదగా హెడ్డు గుమాస్తాగారి చేతిలోంచి దండ అందుకుని, తన మెళ్లో తనే వేసుకుని, "ఏటనుకోకండి, కూకోండి. టీ తాగి ఎల్దురు గాని" అన్నాడు. నలుగురూ తలలెత్తకుండా టీ తాగారు. వీధి మలుపు దాకా వెళ్లి వాళ్లను సాగనంపింది కూడా నాన్నే, దండతోనే.

జరిగిందంతా ఇంట్లోనూ ఆఫీసులోనూ చెప్పేశాను. ఆఫీసులో నా ఉద్యోగం పోలేదు, 'హీరోయిన్' అన్న పేరు మిగిలింది. దాని గురించి నాకు బెంగ లేదు. ఇంట్లో మాత్రం ఆ సాయంత్రం నుంచి నాన్న నాతో మాట్లాడ్డం మానేశాడు. ఒక రోజు కాదు, వారం కాదు, నెలలు. నేను వస్తే లేచి వెళ్లిపోయేవాడు. అమ్మ బతిమాలితే, "సచ్చిపోనోడు మాటాడతాడేటే?" అనేవాడు. మీసం నెల తిరక్కుండా వచ్చేసింది. ఆదివారం పొద్దున్న పెరట్లో స్టూలు వేసుకుని, ఆయనకి కనబడేలా కూచునేవాణ్ణి. కత్తెర రాలేదు. నా మీసాన్ని నేనే దిద్దుకుంటే ఒక కొస పైకీ ఒక కొస కిందికీ పోయేది. తిట్టినా బాగుండును, కొట్టినా బాగుండును అనుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్లు అయిన దానికీ కానిదానికీ తిట్లు తిన్నవాడికి ఆ నిశ్శబ్దం అన్నం కూడా సయించనివ్వలేదు.

అలా ఉండగా ఆ సినిమా మా పేట టాకీసుకి వచ్చింది. ఆదివారం మ్యాటినీకి ఒక్కణ్ణే వెళ్లి వెనక బెంచీలో కూచున్నాను. దీపాలారే ముందు చూస్తే, ముందు వరసల్లో లోకో షెడ్డు వాళ్ల గుంపు, వాళ్ల మధ్యన నాన్న. ఎవరో లాక్కొచ్చినట్టున్నారు.

సినిమా ఎలా ఉండాలో అలాగే ఉంది. పిస్తోలు పేలకముందే రౌడీ పడిపోయాడు. తోపుడుబండి ఎడమ చక్రం ఊగినప్పుడల్లా వైజాగు మొత్తం ఊగింది. ఒక మూల మా కంపెనీ పెట్టెలకి కాపలాగా నిలబడ్డ నేను కనిపించాను, ఇంకో మూల అవే పెట్టెలు విరుగుతున్నాయి. అప్పుడు హీరోయిన్ గారు కళ్లెర్రజేసి గుట్ట మీదికెక్కారు. దూకారు. గాల్లో, ఎర్రప్యాంటులో, ఎగిరే సవరం కింద, రెండు కొసలూ పైకి తిరిగిన మీసం! దూరం షాటే గానీ, ఆకాశం తెల్లగా ఉండటం వల్ల అది శుభ్రంగా కనబడింది. మరుక్షణం నేల మీద దిగిన హీరోయిన్‌కి మీసం లేదు.

టాకీసు పైకప్పు లేచిపోయింది. "మీసం! మీసం!" అని అరుపులు. నేను బెంచీ కిందికి దూరిపోదామనుకుంటుండగా ఒక నవ్వు వినబడింది. అందరూ నవ్వి ఆగాక కూడా ఆగని నవ్వు, మధ్యలో దగ్గొచ్చే నవ్వు. ఆ దగ్గు ఎక్కడున్నా గుర్తు పడతాను.

ఆట విడిచాక పట్టాల పక్క దారిలో ఇంటికి నడుస్తున్నాను. నాన్న ముందు, నేను ఇరవై అడుగుల వెనక. లెవెల్ క్రాసింగు దగ్గర గేటు పడింది. ఆయన ఆగాడు, నేనూ ఆగాను. గూడ్సు బండి వెళ్లినంతసేపూ వెళ్లింది. అప్పుడు వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"గాల్లో ఉన్నంతసేపూ నాను బతికే ఉన్నాన్రా. కిందకి దిగీసరికి పోనాను."

భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు. నేను నవ్వబోయి ఏడ్చేశాను. ఆయన నా దగ్గరకొచ్చి, మీసం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటిది, ఎలక కొరికినట్టు? రేపు పొద్దున్న కత్తెర తీత్తాను" అన్నాడు. గేటు లేచింది. నాలుగడుగులు వేశాక మళ్లీ ఆగాడు.

"అంతెత్తు నుంచి దూకీసినావు. దెబ్బ తగిల్నాదేట్రా?"

షూటింగు అయిన దగ్గర్నుంచీ ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. "లేదు నాన్నా. గడ్డి పరిచారు" అన్నాను.

సినిమా ఆడిన వారం రోజుల్లో ఆయన మూడుసార్లు చూశాడు. షెడ్డులో ఎవరు కనబడితే వాళ్లని తీసుకెళ్లి, ఆ సీను వచ్చే ముందు "ఇప్పుడు సూడండి, నా మీసం" అనేవాడట. నాకు ఎన్నోసార్లు అనిపిస్తుంది, ఆ యూనిట్ వాళ్ల దగ్గర ఇంకాస్త ఫిల్ముంటే, ఆ దూకుడు మళ్లీ తీసి ఉండేవారు. ఏ తప్పూ లేని మంచి సినిమా అయ్యేది. మా నాన్నకి నవ్వడానికి ఏమీ దొరికేది కాదు, నాతో ఎప్పటికి మాట్లాడేవాడో తెలియదు. వాళ్ల లేమి నాకు మా నాన్నను తిరిగిచ్చింది. ఆ ఫైటు మాస్టారు, ఆ కెమెరామేన్, ఆ గొడుగు మనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆదివారం ఆదివారం నా మీసం ఆయన చేతుల్లోనే ఉంది. చేతులు వణకడం మొదలెట్టాక కూడా కత్తెర వదల్లేదు, నేను స్టూలు వదల్లేదు. తర్వాత నాన్న పోయాడు. పదో రోజున మంగలి నా ముందు కూచుని కత్తి తడిపి మీసం తీస్తుంటే, నాకు ఫక్కున నవ్వొచ్చింది. చుట్టాలు దుఃఖం ఎక్కువై ఇలా అయ్యాడనుకుని భుజాలు పట్టుకున్నారు. అద్దంలో చూసుకుంటే ఎర్రప్యాంటు కుర్రాడు లేడు, బొజ్జతో, బోసిమూతితో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఇన్నేళ్లు గాల్లో ఉండి, ఆ రోజుకి నేల మీదికి దిగాను. దెబ్బ తగిల్నాదేట్రా అని వెనక నుంచి ఎవరో అడిగినట్టే అనిపించింది. తగిలింది నాన్నా. ఈసారి కింద ఎవరూ గడ్డి పరచలేదు.