హారతి పళ్ళెం చోట కరెంటు కడ్డీలు

భద్రమ్మను చూసిన ప్రతి పెద్దమనిషీ ఒకటే అడిగాడు: చెయ్యి ఎందుకు పెట్టావు? ఆసుపత్రిలో కట్టు కట్టినాయన అడిగాడు. స్టేషన్లో వాంగ్మూలం రాసుకున్న హెడ్డు అడిగాడు. పందిరి కమిటీ వాళ్ళయితే ఏడాది పొడుగునా అడుగుతూనే ఉన్నారు. పదిహేను వేల ఓల్టుల మంటను అమ్మవారి పాదాల ముందు, మనిషి చెయ్యి అందే ఎత్తున ఎందుకు పెట్టారని కమిటీని అడిగిన పెద్దమనిషి మాత్రం ఒక్కడూ లేడు.

భద్రమ్మది కంకిపాడు పక్క ఒక నేతగాళ్ళ ఊరు. భర్త మార్కండేయులు గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. ఆమె కండెలు చుడుతుంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో ఇమిడే చిన్న గొట్టానికి రాట్నం మీద నూలు చుట్టటం ఆ పని. కుడిచేత్తో చక్రం తిప్పాలి, ఎడమచేత్తో పోగు నడపాలి. పోగు తెగితే రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి, తెగిన కొసల్ని మెలిపెట్టి అతకాలి. చూసేవాళ్ళకు అదొక పనిలా కనిపించదు. ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ చేస్తారు గనక అది పని కాదని కూలి కట్టే షావుకార్ల నమ్మకం కూడా. కానీ కండె వదులుగా ఉంటే చీరంతా పాడవుతుంది. భద్రమ్మ చుట్టిన కండె జారదని ఆ వీధిలో ఒక మాట ఉండేది. ఆమె గురించి ఊళ్ళో చెప్పుకునేది అదీ, ఆమె నోటి దురుసూ.

వాళ్ళకు నూలు ఇచ్చేదీ, నేసిన చీరలు తీసుకునేదీ బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారి వెంకటప్పయ్య. ఆయనే ఆ వీధి వర్తకుల దసరా పందిరికి అధ్యక్షుడు. ఆ రోజుల్లో పందిళ్ళ మధ్య పోటీ విగ్రహాల దగ్గర ఆగిపోలేదు, లైటింగుకు పాకింది. డెబ్బై రెండులో పక్క వీధివాళ్ళు రంగు బల్బులతో నెమలిని ఆడించారు. జనం అంతా అటే పోయారు. వెంకటప్పయ్యకు ఏడాదంతా ఆ నెమలి కలలోకి వచ్చింది. డెబ్బై మూడు దసరాలకు ఆయన గుణదల నుంచి అంతోనిని పిలిపించాడు.

అంతోని నియాన్ బోర్డులు చేసే మనిషి. సినిమా హాళ్ళకూ హోటళ్ళకూ గాజు గొట్టాలు వంచి అక్షరాలు చేస్తాడు. ఆ బోర్డులు వెలగాలంటే మామూలు కరెంటును వేల ఓల్టులకు పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని రెండు కొసల్నీ రెండు నిలువు రాగి కడ్డీలకు కలిపి, కడ్డీల్ని అడుగున దగ్గరగా, పైకి పోనుపోను ఎడంగా నిలబెడితే వాటి మధ్య నీలపు మంట ఒకటి పుడుతుంది. బుర్రుమంటూ, వణుకుతూ, పాములా పైకి పాకి, కొసన తెగిపోయి, మళ్ళీ అడుగున పుడుతుంది. చూడ్డానికి నిజంగా బాగుంటుంది. అంతోని అంతకుముందు ఒక ఎగ్జిబిషన్ గేటు మీద, నిచ్చెన వేసినా అందనంత ఎత్తున దాన్ని పెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

వెంకటప్పయ్యకు ఆ ఎత్తు నచ్చలేదు.

"గేటు మీద పెడితే కాకులు చూస్తాయోయ్. అమ్మవారి ముందు పెట్టు."

"ముందంటే జనం మధ్యలోకొస్తదండీ. చుట్టూ ఇనప కటకటాలన్నా కట్టించండి."

"కటకటాలేంటయ్యా, అమ్మవారేమన్నా ఖైదీయా? అలంకారం కనపడొద్దూ? తాడు కడదాం."

ఎర్ర పట్టుతాడు కట్టారు. విగ్రహం ముందు ఖాళీ ఒక్కటే ఉంది, కర్పూర హారతి పళ్ళెం పెట్టే రాతి పీట. పళ్ళెం తీసి పూజారికి ఇచ్చి, పీట మీద కడ్డీలు బిగించారు. తాడుకు ఇవతల నిలబడితే కడ్డీలు మూరెడు దూరం.

ఆ పందిట్లోకి వచ్చేవాళ్ళు ఎవరో ఒకసారి గుర్తుచేసుకోవాలి. అందరూ చెప్పులు బయట విడిచి వస్తారు. నేలంతా కొబ్బరినీళ్ళతో తడిసి ఉంటుంది. చేతుల్లో తడి పూలో, ఇత్తడి పళ్ళేలో ఉంటాయి. కరెంటు పనివాడు ఏ స్థితిలో తీగ దగ్గరికి వెళ్ళకూడదంటారో సరిగ్గా ఆ స్థితిలో, వరసకట్టి, ఒకరి వెనక ఒకరు వస్తారు. అమ్మవారి ముందు మంట కనపడితే ఏం చేస్తారో నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలుసు. అరచేతులు చాపి, వేడి సోకించుకుని, కళ్ళకద్దుకుంటారు. తాడు కట్టించిన వాళ్ళలో రోజూ పొద్దున్నే ఆ పని చెయ్యనివాడు లేడు.

అష్టమి నాడు భద్రమ్మ, మార్కండేయులు చీరల మూట దించటానికి షాపుకొచ్చారు. షావుకారు పందిట్లో ఉన్నాడు, అమ్మవారిని చూసి రండి, ఈలోపు వస్తాడని గుమాస్తా చెప్పాడు. వెళ్ళారు. వరస కదిలింది. కడ్డీల్ని మొదటిసారి వెలిగించింది ఆ పూటే, ఆమె వంతు రావటానికి కాస్త ముందు. ఆమె చూసేసరికి ఎదురుగా అమ్మవారు, పాదాల దగ్గర పీట, పీట మీద పైకి పాకుతున్న మంట. తాడు మీదుగా వంగి కుడిచెయ్యి చాపింది.

ముట్టుకోవలసిన పని కూడా లేదు. వేళ్ళు దగ్గరకొస్తే చాలు, ఆ మంట తనంతట తనే దూకుతుంది. వెనక నుంచున్న సుబ్బరత్నం అనే ఆమె తరవాత చెప్పింది: "అమ్మా అని కూడా అనలేదండీ. ఎవరో లాగి విసిరేసినట్టు నా మీద పడింది. ఆమె ముందుంది గనక ఆమెకయింది. లేకపోతే నేనే చాపేదాన్ని."

ఫ్యూజు పోలేదు. లైట్లు కనీసం మినుకుమనలేదు. రెండు కొసలూ కలిసిపోయినా తట్టుకునేట్టు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ అది. దానికి మధ్యలో మనిషి అడ్డొచ్చిన సంగతి తెలియదు. ఆమెను రిక్షాలో వేసిన తరవాత పీట చుట్టూ నీళ్ళు ఊడ్చి, కుర్రవాళ్ళు చప్పట్లు కొడుతుంటే, కమిటీ వాళ్ళు అదే సాయంత్రం దాన్ని మళ్ళీ వెలిగించారు. నవమి నాడూ వెలిగింది. దశమి నాడూ వెలిగింది.

ఆసుపత్రిలో భద్రమ్మ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తీసేశారు. ఎడమ మడమ దగ్గర, కరెంటు నేలలోకి దిగిన చోట, నెలలపాటు మానని పుండు పడింది. స్టేషన్ కాగితంలో "స్వీయ అజాగ్రత్త" అని రాశారు. అలంకరణను తాకిన మహిళకు గాయాలని పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. వెంకటప్పయ్య బత్తాయిలు పంపాడు.

తరవాత ఏడాది ఎలా గడిచిందో ఆ ఇంటి వసారాలో అరగంట కూర్చుంటే తెలిసిపోయేది. చక్రం ఆమె అరచేత్తో నెట్టి తిప్పటం నేర్చుకుంది. పోగు తెగితే మాత్రం అతకలేదు. అతకటానికి మగ్గం గుంటలోంచి మార్కండేయులు లేచి రావాలి. వచ్చేసరికి అక్కడ అతని నేత ఆగిపోతుంది.

"మళ్ళీ తెగిందా?"

"తెగింది. రా."

"మహారాణీ గారు పోగు పోగుకీ పిలిపిస్తే ఈ చీర సంక్రాంతికి కూడా దిగదు."

"నా వేళ్ళు షావుకారు దగ్గరున్నాయి. పోయి అడుక్కురా, నిన్ను పిలవను."

ఆమె అలా అన్నప్పుడు అతను నవ్వేవాడు కాదు. పోగు అతికి మళ్ళీ గుంటలోకి దిగేవాడు.

డెబ్బై నాలుగు దసరాలు దగ్గరపడుతుండగా అంతోని వాళ్ళ ఊరు వచ్చాడు. ఇచ్చిన మంచినీళ్ళ చెంబు పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు.

"మా గుణదల కొండ మీద, చర్చి దగ్గర వేలమంది కొవ్వొత్తులు వెలిగిస్తారు చెల్లెమ్మా. వెలిగించి చేతులు కట్టుకుని నుంచుంటారు. మంట మీదకి చెయ్యి పోదు. ఆ లెక్కనే తాడు చాలనుకున్నా. మీ హారతి సంగతి నాకు తెలియంది కాదు, చిన్నప్పట్నించీ చూస్తున్నదే. కడ్డీలు బిగించేటప్పుడు తట్టలేదు."

"నీకు తట్టకపోతే సరేలే అన్నయ్యా. రోజూ హారతి కళ్ళకద్దుకునేవాళ్ళు అంతమంది చుట్టూ నుంచుని బిగించారుగా. వాళ్ళకెందుకు తట్టలేదు?"

అతను అసలు విషయం అప్పుడు చెప్పాడు. ఈసారి వెంకటప్పయ్య రెండు జతల కడ్డీలు పెట్టమన్నాడు, విగ్రహానికి అటొకటీ ఇటొకటీ. అంతోని చెయ్యనన్నాడు. అయితే మద్రాసు నుంచి మనిషిని పిలిపిస్తామన్నారు.

భద్రమ్మ ఆ మాట విని రాట్నం పక్కకి జరిపింది. మర్నాడు బెజవాడ బస్సెక్కుతానంది. మార్కండేయులు వద్దన్నాడు. నూలు ఇచ్చేది ఆయనే, ఆయన కాదంటే మగ్గం పడుకుంటుందన్నాడు. అది నిజమే. బెజవాడలో ఇంకో షావుకారు దొరకడని కాదు. ఒకడు మాన్పించిన నేతగాణ్ణి, ఎందుకు మాన్పించాడో కనుక్కోకుండా ఇంకొకడు పెట్టుకోడు.

"అయితే నువ్వు రావొద్దు. నేను నీ పెళ్ళాన్ని కాదని చెప్తాలే," అంది.

అతను కూడా వెళ్ళాడు.

షాపులో తెల్ల పరుపుల మీద కమిటీ కూర్చుని ఉంది. దీపాలు పెట్టే వేళ. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. వెంకటప్పయ్య ఆమె చేతి వంక చూడకుండా మాట్లాడాడు.

"ఏంటమ్మా భద్రమ్మా, ఇప్పుడేం కావాలి? నీకు జరిగినదానికి నేను బాధపడలేదా? పళ్ళు పంపలేదా?"

"పంపారండీ. బత్తాయిలు. వొలుచుకోడానికే వేళ్ళు లేవు."

బసవయ్య అనే కమిటీ మెంబరు కల్పించుకున్నాడు. ఆయనకు ఊళ్ళో బియ్యం మిల్లుంది.

"చూడమ్మా. ఈసారి బోర్డు రాయిస్తున్నాం. ప్రమాదం, తాకరాదు అని, పుర్రె బొమ్మతో సహా. కర్రతో ఒక వాలంటీరుని పెడుతున్నాం. ఇంకా ఎవరన్నా చెయ్యి పెడితే అది వాళ్ళ ఖర్మ."

"అమ్మవారి ముందు పుర్రె బొమ్మ పెడతారా అండీ?"

"మరేం చెయ్యమంటావు? వేలమంది చూశారు, వేలమంది మెచ్చుకున్నారు. అంతమందిలో నువ్వొక్కదానివే చెయ్యి పెట్టావు."

"నా తరవాత వాళ్ళు నన్ను చూసి పెట్టలేదండీ."

"కళ్ళుండాలమ్మా," అన్నాడు బసవయ్య. "కర్పూరానికీ కరెంటుకీ తేడా తెలియకపోతే ఎట్టా? మతి ఉన్న మనిషెవడన్నా చూడకుండా చెయ్యి..."

గుమాస్తా అప్పుడే గల్లాపెట్టె పైన ఉన్న లక్ష్మీదేవి పటానికి హారతి ఇచ్చి, పళ్ళెం పట్టుకుని పరుపుల మధ్యకి వచ్చాడు. రోజూ దీపాల వేళ చేసే పనే. బసవయ్య మాట ఆపలేదు. భద్రమ్మ వైపే చూస్తూ, చూపు తిప్పకుండా చెయ్యి పక్కకి చాపి, మంట మీద నుంచి తీసి కళ్ళకద్దుకున్నాడు. పక్కాయన చాపాడు. ఆ పక్కాయన చాపాడు. చివర వెంకటప్పయ్య రెండు చేతులూ చాపాడు.

భద్రమ్మ గొంతు పెంచలేదు.

"మీరెవరూ పళ్ళెంలోకి చూడలేదండీ. అందులో ఏముందో కనుక్కుని చాపలేదు. నేనూ అంతేనండీ."

గుమాస్తా పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు, లోపలికి పోవాలో ఉండాలో తెలియక. బసవయ్య చెయ్యి ఇంకా ముఖం దగ్గరే ఉంది. దించుకున్నాడు.

"చూద్దాంలే, పోయిరా," అన్నాడు వెంకటప్పయ్య. మార్కండేయులి వైపు తిరిగి, "నూలు పట్టుకెళ్ళు, మధ్యలో పని ఆపకు," అన్నాడు.

ఆ దసరాకు కడ్డీలు పెట్టలేదు. రాతి పీట మీద కర్పూరం పళ్ళెమే ఉంది. అంతవరకు బాగానే ఉంది. కానీ కమిటీ అచ్చువేసి పంచిన కరపత్రంలో ఏం రాశారో చూడండి: ధరల పెరుగుదల దృష్ట్యా పొదుపు పాటించదలచి ఈ సంవత్సరం విద్యుత్ అలంకారాన్ని తగ్గించడమైనదని, భక్తులు సహృదయంతో గ్రహించాలని. ఒక ఆడమనిషి రెండు వేళ్ళు కాలిపోయాయన్న మాట ఆ కాగితంలో లేదు. తప్పు చేశామన్న మాట అసలే లేదు. స్టేషన్ కాగితంలో స్వీయ అజాగ్రత్త అలాగే ఉంది. మనిషి చెయ్యి కాలినందుకు ఆపామని ఒప్పుకోవటం కంటే, డబ్బు మిగల్చటానికి ఆపామని చెప్పుకోవటం ఆ పెద్దమనుషులకు గౌరవంగా తోచింది.

ఆ కరపత్రం చదివి వినిపిస్తే భద్రమ్మకు కోపం రాలేదు.

"పొదుపని రాసుకోనీండి, పిసినారితనమని రాసుకోనీండి. తీసేశారుగా."

మద్రాసు నుంచి బయల్దేరిన మనిషి మాత్రం ఖాళీ చేతులతో వెనక్కి పోలేదు. ఏలూరు కాలవ పొడుగునా ఉన్న ఊళ్ళలో ఒకచోట పందిరివాళ్ళు అదే దసరాకు అతన్ని కుదుర్చుకున్నారు. ఎక్కడ పెడుతున్నారని అంతోని అడిగితే, అమ్మవారి ఎదురుగానే అన్నారు. ఆ సంగతి కూడా అతనే ఆమెకు చెప్పవలసి వచ్చింది.

ఆమె రాట్నం ఆపింది. మగ్గం గుంటలో ఉన్న మొగుణ్ణి కేకేసింది.

"ఏవయ్యా, ఆ ఊరికి బస్సు బెజవాడలో ఎక్కాలా, గన్నవరంలో మారాలా?"