పట్టుపురుగు కథకు ముగింపు దొరకని సుబ్బరత్నమ్మ

పోయిన నెల ఒక సోమవారం పొద్దున చింతామణి నుంచి సుబ్బరత్నమ్మగారి కొడుకు నాగరాజు ఫోను చేసి, "మేష్ట్రూ, అమ్మ పొయ్యింది" అని చెప్పి పెట్టేసినాడు. చేతిలోని కాఫీ చేతిలోనే చల్లారింది. సుబ్బరత్నమ్మగారు దివంగతులైనారని బుద్ధి గ్రహించిందే గానీ మనసు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. అంతటి మనిషిని గురించి రాయడానికి పండితులు ముందుకొస్తారని ఎదురుచూసినాను. ఒక్కరూ కదల్లేదు. డ్రాయింగు మేష్టరుగా బతుకు వెళ్ళదీసిన నాకు ఆమె పుస్తకాలన్నింటికీ బొమ్మలు వేసినవాణ్ణన్న అర్హత ఒక్కటే ఉంది. దాన్ని పట్టుకునే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కర్ణాటకలోని బాగేపల్లిలో వర్తకుల ఇంట పుట్టి, చింతామణి బజారులో చిల్లర అంగడి నడిపే ఇంటికి కోడలై వచ్చినారామె. బడిలో చదివింది కన్నడం. తెలుగు అక్షరాలు మామగారి పక్కన అంగట్లో కూర్చుని నేర్చుకున్నవి. భర్త గతించినాక అంగడి ఆమెదే అయింది. పప్పుబ్యాళ్ళకో బెల్లానికో వచ్చిన పిల్లలకు కథ మొదలుపెట్టి, మంచి చోట నిలిపి, తక్కింది రేపు చెప్తానని పంపేసేవారు. పిల్లలు తెచ్చిన సంచీ అక్కడే మరచి కథతో ఇంటికి పోయేవారు. వెనకనే తల్లులు వచ్చి, పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే మా పాపను ఇట్ల కూర్చోబెడితే ఎట్లమ్మా అని గొడవ పడేవారు. ఆమె క్షమాపణ చెప్పి సరుకు కట్టిచ్చి, ఆ తల్లులకూ కాస్త కథ వినిపించేవారు!

ఆమె రచనావిధానం అనన్యసామాన్యం. చెప్పిన కథను వెంటనే రాసేవారు కాదు. కొన్నాళ్ళు ఊరుకుని, అదే పిల్లచేత తిరిగి చెప్పించుకునేవారు. పిల్ల మరచిన భాగాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేసేవారు, పిల్ల తనంతట కలిపినదాన్ని భద్రంగా ఉంచేవారు. ఒక కథలో నెమలి ఉండేది. దాని పింఛం వేసి వేసి నా వేళ్ళు పడిపోయినాయి. తీరా అచ్చుకు ఇచ్చేముందు ఆ నెమలినే తీసేసినారు. నేను మండిపడితే, "ఏ పిల్లా నీ నెమలిని గుర్తుపెట్టుకోలేదప్పా, నేనేం చేసేది?" అన్నారు. నాకు ఆ కోపం తగ్గడానికి చాలా కాలం పట్టింది. నిజం చెప్పాలంటే ఇంకా పూర్తిగా తగ్గలేదు.

ఆమె తెలుగు కథలు అచ్చయింది కన్నడ లిపిలో. మా సీమలో పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో రాసేది కన్నడం. మరి వాళ్ళు చదువుకునేది ఎట్లా? ఒక సాహిత్య సభలో పెద్దాయనొకరు లేచి, ఇది భాషకు అపచారమని నిప్పులు చెరిగినారు. ఆమె గొంతు పెంచలేదు. "పిల్లోల్ల నోట్లో తెలుగుండాది, చేతిలో కన్నడ అక్షరముండాది. రెండూ కలిపి ఇస్తే తప్పేముండాది అప్పా?" అన్నారు. అయినా పుస్తకాలు ఎవరూ కొనలేదు. ఇవి కన్నడ పుస్తకాలు కావని అటువాళ్ళు, తెలుగు పుస్తకాలు కావని ఇటువాళ్ళు పక్కన పెట్టేసినారు.

ఆమె జీవితదృక్పథమంతా రెండు నియమాల్లో ఇమిడిపోతుంది. పిల్లలకు అబద్ధం చెప్పకూడదు. పిల్లలను భయపెట్టకూడదు. వినడానికి సులభంగానే ఉంటాయి. జీవితమంతా ఈ రెండింటినీ ఒకే చేత పట్టుకుని నడిచిన ఆ మహనీయురాలిని చివరికి ఒక పట్టుపురుగు నిలువరించింది.

సాదలి బడివాళ్ళు కథలు చెప్పడానికి పిలిస్తే నన్నూ వెంటబెట్టుకుని పోయినారు. ఆ ఊళ్ళో ఇంటింటా పట్టుపురుగులు మేపుతారు. అందుకని పట్టుపురుగు కథే చెప్పినారు. చిన్న పురుగు మల్బరీ ఆకు తింటుంది, జ్వరమొచ్చినట్టు కదలక పడుకుంటుంది, పాత చర్మం వదిలి పెద్దదవుతుంది, చంద్రిక అనే వెదురు తట్ట మీదికెక్కి చుట్టూ గూడు అల్లుకుంటుంది, సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. పిల్లలందరూ చప్పట్లు కొట్టినారు, పవిత్ర అనే పాప తప్ప. "మా గూట్లో నుంచి ఏదీ ఎగరదవ్వా. అది బయటికొస్తే గూడు చెడిపోతాది. ముందే శిడ్లఘట్ట మార్కెట్టుకు ఎత్తుతారు, ఆడ ఉడుకునీళ్ళలో వేస్తారంట. అప్పుడు దానికి నొప్పి అయితాదా?" అని అడిగింది.

సుబ్బరత్నమ్మగారు జవాబు చెప్పలేకపోవడం నేను చూసింది అదే మొదటిసారి. మళ్ళీ వచ్చి చెప్తానని పాపకు మాటిచ్చినారు. ఆ తరువాత ఎన్ని ముగింపులు ఆలోచించినారో లెక్కలేదు. నొప్పి ఉండదంటే అది తనకు తెలియని సంగతి. ఉంటుందంటే, ఆ పిల్ల రోజూ తన చేత్తో ఆకు వేసి పెంచుతున్న పురుగులవి, వాటి మీదే ఆ ఇంటి కూడు. గూట్లో హాయిగా నిద్రపోయిందని నిలిపేద్దామని నేనన్నాను. కస్సుమన్నారు. "రేపు గూళ్ళు ఎత్తేటప్పుడు ఆ పాప నన్నేమనుకుంటాదప్పా? అవ్వ కూడా నన్ను మోసం చేసిందనుకోదా?" అన్నారు. నేను గూడు వరకూ బొమ్మలు వేసి పెట్టుకున్నాను. ఆ తరువాత బొమ్మకు ఆమె నోటి నుంచి మాట రానే లేదు.

చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు గొంతు పూర్తిగా క్షీణించింది. నాగరాజు దిండు సర్దుతుంటే నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసినారు. ఏ మందో, ఏ డాక్టరో అడుగుతారనుకున్నాను. "ఆ పాపకు మాటిచ్చుండాను మేష్ట్రూ. నాకు తెలీలేదని చెప్పప్పా. అబద్ధం మాత్రం చెప్పొద్దు" అన్నారు. నేను తలూపినాను. బయటికొచ్చి వరండాలో నిలబడి ఏడ్చినాను, ఇంకేం చేసేది?

వైకుంఠ సమారాధన నాడు సాదలి నుంచి పవిత్రను పిలుచుకుని వాళ్ళమ్మ వచ్చింది. రేపు గూళ్ళు ఎత్తుతాండారు, ఈ పిల్ల రెండు దినాలుగా అవ్వ దగ్గరికి పోదాం పోదామని ప్రాణం తీస్తా ఉండాదని ఆ తల్లి చెప్పుకొచ్చింది. అవ్వ పోయిన సంగతి బజారులోకి వచ్చినాకనే తెలిసిందట. పాప పటానికి మొక్కి, నేరుగా నా దగ్గరికొచ్చి కూర్చుంది. ఆమె అప్పగించిన మాట చెప్పక తప్పలేదు.

"అవ్వకు తెలీలేదమ్మా. చాలా ఆలోచన చేసింది. తెలీలేదు" అన్నాను.

పాప ఏడవలేదు. అలగలేదు. "అట్లయితే ఇంక ఎవుర్ని అడగాల తాతా?" అంది.

అబద్ధం చెప్పనివాళ్ళు, భయపెట్టనివాళ్ళు, పసిపిల్ల ప్రశ్నకు తిండి నిద్ర మానుకునేవాళ్ళు ఇంకెవరున్నారని నాకు తెలిసిన మనుషులనందరినీ ఆ క్షణంలో వెతుక్కున్నాను. చింతామణిలో గానీ, బాగేపల్లిలో గానీ, చిక్కబళ్ళాపురంలో గానీ, ఆ పాపకు చెప్పడానికి ఒక్క పేరు నా నోటికి రాలేదు.